తిరుమల గ్రానైట్ నుంచి కాతేరు గుల్లల దాకా: రాతి పొరల వెంట ఎనిమిది రోజులు

జీవం కథను రాళ్లలో చదవాలంటే పాత రాయి దగ్గర మొదలుపెట్టి కొత్త రాయి వైపు నడవాలి. తెలుగు నేల మీద ఆ వరస పట్టుకుంటే దారి తిరుపతిలో మొదలై కడప, నంద్యాల, మంచిర్యాల, సిరొంచ మీదుగా రాజమండ్రి చేరుతుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి మీద కాలు పెట్టి, 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా దగ్గర ఆగుతాం. ఈ దారిలో ఉన్న పొరలను ఎంత శ్రద్ధగా చూడాలో, లేని పొరలను కూడా అంతే శ్రద్ధగా చూడాలి. రెండు రాళ్లు కలిసే గీత దగ్గర నిలబడి “ఇక్కడ ఎంత కాలం పోయింది?” అని అడగనివాళ్లకు సగం కథే తెలుస్తుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. వానల్లో మాలేరి ఎర్రమట్టి బూట్లకు అంటుకుని అడుగు సాగనివ్వదు. ఏప్రిల్ దాటితే కడప బండల మీద మిట్టమధ్యాహ్నం నిలబడలేం. 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం, స్టీలు చాకు, దిక్సూచి, సెంటీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు, నోటుబుక్కు, మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు పెట్టుకోవాలి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) వారి భూకోశ్ పోర్టల్‌లో పటాలు ఉచితం. వెళ్లే మండలాల పటాలు ముందే ఫోన్లో దించుకోండి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. సున్నపురాయిని గుర్తించడానికి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం 30 మిల్లీలీటర్ల డ్రాపర్ సీసాలో చాలు. 1 వంతు గాఢ ఆమ్లానికి 3 వంతుల నీళ్లు. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి తప్ప నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. రైల్లో ఆమ్లం తీసుకెళ్లనివ్వరు. రైలు ప్రయాణం ఉన్నవాళ్లు వెనిగర్‌తో సరిపెట్టుకోవాలి. రాతిని గీసి పొడి చేసి దాని మీద చుక్క వేస్తే నెమ్మదిగానైనా బుడగలు కనిపిస్తాయి. సుత్తి ఇంట్లో వదిలేయండి. ఈ దారిలో సుత్తి అవసరమయ్యే పని ఒక్కటీ లేదు.

మొదటి రోజు: తిరుమల కొండ

ఘాట్ రోడ్డు మీద వాహనం ఆపడానికి వీల్లేదు. అందుకని కిటికీ పక్కన కూర్చుని చూడాల్సిందే. కింద గుండ్రంగా అరిగిన గ్రానైట్ బండలు. కొంత ఎత్తుకు వెళ్లాక రాయి తీరు ఒక్కసారిగా మారిపోతుంది. నిట్టనిలువు గోడలు, వాటిలో అడ్డంగా పొరలు. అది నగరి క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి, ఒత్తిడికి స్ఫటికంలా బిగిసిన రాయి. ఈ రెండూ కలిసే గీతను ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. జీఎస్ఐ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది.

గీత చూడ్డానికి సన్నగా ఉంటుంది, కానీ అందులో కనీసం 50 కోట్ల ఏళ్లు దాగి ఉన్నాయి. ఎలా తెలుసు? గ్రానైట్ నేల మీద పుట్టదు. కిలోమీటర్ల లోతున కరిగిన శిల నెమ్మదిగా చల్లారితేనే అంత పెద్ద స్ఫటికాలు వస్తాయి. అలాంటి రాయి మీద నేరుగా తీరపు ఇసుక పరుచుకుందంటే, అంతకుముందే పైనున్న కిలోమీటర్ల మందం శిల పైకి లేచి, అరిగి, కొట్టుకుపోయి ఉండాలి. అంత అరుగుదలకు పట్టిన కాలానికి గుర్తుగా ఇక్కడ పొర ఏదీ మిగల్లేదు, ఈ గీత తప్ప.

కొండపైన గుడికి సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న శిలాతోరణం కూడా ఇదే క్వార్ట్‌జైట్. వెడల్పు దాదాపు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. కంచె బయటి నుంచే చూడనిస్తారు. తోరణం కాళ్లలోని అడ్డ పొరలు గమనించండి. ఈ రాళ్లలో ఎముక గానీ గుల్ల గానీ వెతకడం దండగ. ఇవి పరుచుకున్న నాటికి భూమ్మీద ఎముకా లేదు, గుల్లా లేదు.

రెండో రోజు: గువ్వలచెరువు నుంచి పులివెందుల

తిరుపతి నుంచి పీలేరు, రాయచోటి మీదుగా కడప వైపు వెళ్లండి. రాయచోటి చుట్టూ అంతా గ్రానైట్ గుట్టలే. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేసరికి మళ్లీ క్వార్ట్‌జైట్ వస్తుంది. నిన్న గీతలో చూసిన కాలపు ఎడం ఇక్కడ మళ్లీ పలకరిస్తుంది. 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద తన నివేదిక ప్రచురించిన జీఎస్ఐ భూశాస్త్రవేత్త విలియం కింగ్ ఈ అడుగు పొరకు ఈ ఊరి పేరే పెట్టాడు. భూవిజ్ఞాన పుస్తకాల్లో ‘గుల్చెరు క్వార్ట్‌జైట్’ అని కనిపించేది ఇదే. పాలకోవా కోసం అందరూ ఆగే ఊరు. కోవా తిన్నాక రోడ్డు కోతలు కూడా చూడండి. అట్టడుగున గులకరాళ్లు అతుక్కున్న పొరలు కనిపిస్తే ఆ గులకల అంచులు చూడాలి. గుండ్రంగా ఉంటే నీళ్లలో చాలా దూరం దొర్లినవి, కోసుగా ఉంటే దగ్గర్లోనే విరిగిపడినవి. పొరలో ఇరుక్కున్న గులక ఎప్పుడూ ఆ పొర కంటే పాతది. ఈ ఒక్క నియమం ఈ ప్రయాణమంతా పనికొస్తుంది.

అక్కడి నుంచి వేంపల్లి. ఈ రోజు అసలు పని ఇక్కడే, కనీసం నాలుగు గంటలు కేటాయించండి. గుల్చెరు క్వార్ట్‌జైట్ పైన ఉన్నది వేంపల్లి డోలమైట్, అంటే మెగ్నీషియం కలిసిన, సున్నపురాయిని పోలిన రాయి, బూడిద రంగు నుంచి లేత గోధుమ రంగు దాకా ఉంటుంది. వాగుల్లో, పొలాల గట్ల మీద, రోడ్డు కోతల్లో దాని మీద గుండ్రటి వలయాలు కనిపిస్తాయి. అవి స్ట్రోమటోలైట్లు. పక్క నుంచి కోత పడ్డ చోట సగం కోసిన ఉల్లిపాయలాగా ఒకదాని మీద ఒకటి మిల్లీమీటరు మందం పొరలు, అన్నీ పైకి ఉబ్బినట్టు ఉంటాయి.

ఇవి సూక్ష్మజీవులు కట్టినవి. వెలుగు అందే లోతులేని సముద్రపు అడుగున సయనోబాక్టీరియా జిగట చాపలా పరుచుకుంటుంది. అలలు తెచ్చిన మెత్తటి సున్నపు మట్టి ఆ జిగటకు అంటుకుంటుంది. మట్టి కింద వెలుగు అందక, జీవులు మళ్లీ పైకి పాకి కొత్త చాప పరుస్తాయి. కింది పొర గట్టిపడుతుంది. ఇలా పొర మీద పొర. వెలుగు కోసం పైకి ఎదగడం వల్లే ఉబ్బు ఎప్పుడూ ఆకాశం వైపే ఉంటుంది. అందుకే పొరలు తిరగబడ్డ చోట ఏది పైవైపో చెప్పడానికి స్ట్రోమటోలైట్ మంచి సాక్షి.

వీటి వయసు ఎలా కట్టారో తెలుసుకుంటే పులివెందుల రోడ్డు ఇంకా బాగా అర్థమవుతుంది. మట్టి, ఇసుక, సున్నంతో ఏర్పడిన పొరకు నేరుగా వయసు కట్టడం కష్టం. అందులోని రేణువులన్నీ వేరే ఎక్కడో పుట్టినవి. చల్లారిన అగ్నిశిలకైతే కట్టవచ్చు. స్ఫటికంలో బందీ అయిన యురేనియం సీసంగా మారే వేగం తెలిసినదే కాబట్టి. వేంపల్లి డోలమైట్ పైన పులివెందుల క్వార్ట్‌జైట్, దానిపైన తాడిపత్రి పొరలు. ఆ తాడిపత్రి పొరల్లోకి నల్లటి శిల ఒకటి కరిగిన స్థితిలో చొరబడి పలకలా గట్టిపడింది. దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేలింది. చొరబడింది కాబట్టి తాను చొరబడిన పొర కంటే చిన్నది. వేంపల్లి పొర అంతకన్నా కింద ఉంది. కాబట్టి మన స్ట్రోమటోలైట్లు 188 కోట్ల ఏళ్లకు పైబడినవి. శిలాజం వయసు చాలాసార్లు ఇలా పక్క రాయి సాక్ష్యంతోనే తేలుతుంది.

ఇక పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే: మొదటిది, డోలమైట్‌ను సున్నపురాయి అనుకోవడం. ఆమ్లం చుక్క వేయగానే బుసబుస పొంగితే సున్నపురాయి. పొంగకపోతే చాకుతో గీసి ఆ పొడి మీద వేయండి, అప్పుడు పొంగితే డోలమైట్. చాకుకే గీత పడి, రాయి చెక్కుచెదరకపోతే అది చెర్ట్, అంటే చెకుముకి లాంటి గట్టి రాయి. ఈ పొరల్లో చెర్ట్ కూడా ఎక్కువే. రెండోది, గుండ్రంగా కనిపించిన ప్రతిదాన్నీ స్ట్రోమటోలైట్ అనుకోవడం. నల్ల అగ్నిశిల కూడా గుండ్రంగా పొరలు పొరలుగా ఊడుతుంది, కానీ దాని పొరలు చుట్టూరా, అన్ని వైపులా ఉంటాయి. స్ట్రోమటోలైట్ పొరలు పైకే ఉబ్బి, అంచుల దగ్గర పక్క ఉబ్బుతో కలిసిపోతాయి. మూడోది ప్రమాదకరమైనది. పులివెందుల చుట్టూ, ఆ నల్ల శిల డోలమైట్‌ను కాల్చిన చోట ఆకుపచ్చ రాయి, అందులో పట్టుదారాల్లాంటి తెల్లటి పోగులు కనిపిస్తాయి. అది రాతినార, అంటే ఆస్బెస్టాస్. పాత గనుల చెత్తకుప్పల్లో ఉంటుంది. గోటితో గీకడం, ఊదడం చేయొద్దు. దాని ధూళి ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. తుమ్మలపల్లి వైపు ఇదే వేంపల్లి డోలమైట్‌లో యురేనియం గని నడుస్తోంది. ఆ ఆవరణ దగ్గర ఫొటోలు తీయకూడదు.

ఈ ఊళ్లలో కట్టుగోడల్లో కూడా స్ట్రోమటోలైట్ రాళ్లు ఉంటాయి. వాటిని ముట్టుకుని చూడొచ్చు, ఊడదీయొద్దు. ఇప్పుడు బతికున్న స్ట్రోమటోలైట్లు చూడాలంటే ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే లాంటి చోట్లకు వెళ్లాలి. మామూలు సముద్రంలో నత్తలూ ఇతర జీవులూ ఆ జిగట చాపను మేసేస్తాయి. షార్క్ బే నీళ్ల ఉప్పుదనం నత్తలకు పడదు. వేంపల్లి సముద్రంలో మేసేవాళ్లే లేరు. అందుకే ఊరి వెడల్పున ఇవి నిశ్చింతగా పెరిగాయి. జంతువులు లేవనడానికి ఈ పెరుగుదలే సాక్ష్యం.

మూడో రోజు: గండికోట, బెలుం, బేతంచెర్ల

గండికోటలో అందరూ పెన్నా లోయ చూస్తారు. లోయ గోడలు గండికోట క్వార్ట్‌జైట్. పొద్దున్నే, వెలుగు ఏటవాలుగా పడే వేళ బండల పైభాగం మీద అలల గుర్తులు వెతకండి. అల రెండు వైపులా ఒకే వాలుతో ఉంటే ఒడ్డున ముందుకీ వెనక్కీ ఊగిన నీళ్లవి. ఒకవైపు వాలు నిటారుగా ఉంటే ఒకే దిక్కుకు పారిన నీళ్లవి, నిటారు వైపే ప్రవాహం పోయిన దిక్కు. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో ఈ గుర్తులు అసలు కనిపించవు.

జమ్మలమడుగు నుంచి బెలుం గుహలకు. కొలిమిగుండ్ల మండలం, నంద్యాల జిల్లా. 3,229 మీటర్ల పొడవు, నార్జి సున్నపురాయి. గుహలో ఉక్కపోత తీవ్రంగా ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడే నీళ్లు తాగండి. గోడల మీద అడ్డంగా పోయే సన్నటి పొరలు సముద్రపు అడుగువి, ఎక్కడా వంగకుండా చదునుగా ఉన్నాయి. గుహను తొలిచింది ఎంతో తర్వాత వచ్చిన భూగర్భ జలం. తెలుగిళ్ల నేల మీద పరిచే నాపరాళ్లు ఎక్కువగా ఈ నార్జి పొరవే. ఆ బండల మీద ఫెర్న్ ఆకులా నల్లటి కొమ్మలు కనిపిస్తే మొక్క శిలాజం అని సంబరపడొద్దు. అది పగులులోకి ఇంకిన నీళ్లు వదిలిన మాంగనీసు, దాన్ని డెండ్రైట్ అంటారు. భూతద్దంతో చూస్తే ఆకుకు ఉండాల్సిన ఈనె ఉండదు. పైగా కొమ్మలు పగులు అంచు నుంచే మొదలవుతాయి.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు చూడకుండా వెళ్లొద్దు. 1880లలో భూశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఫుట్ ఇక్కడి గుహమట్టి తవ్వి ఖడ్గమృగంతో సహా ఎన్నో జంతువుల ఎముకలు తీశారు. ఎముకలు మంచుయుగాల కాలానివి, వాటి చుట్టూ ఉన్న గోడ సున్నపురాయి కోట్ల ఏళ్ల నాటిది. “ఈ రాతిలో దొరికింది” అనడానికీ, “ఈ రాతి బొరియలో దొరికింది” అనడానికీ తేడా ఇక్కడ కళ్లారా తెలుస్తుంది. గుహ ఎముకల వయసు గోడను బట్టి చెప్పకూడదు. అవి ఉన్న మట్టి పొరను బట్టి చెప్పాలి. ఆ మట్టిలో కూడా ముళ్లపందులూ వాననీళ్లూ పైవాటిని కిందికీ కిందివాటిని పైకీ మారుస్తాయి. అందుకే తవ్వేవాళ్లు ప్రతి ఎముకకూ లోతు, దిక్కు రాసుకుంటారు. గుహల్లో గబ్బిలాలు ఉంటాయి. మాస్కు కట్టుకోండి.

నార్జి పొర, దాని మీది మరికొన్ని కర్నూలు పొరలు దాటి తెలుగు నేల మీద ఇంకా పైపొర కోసం వెతికితే, ఈ దారి మొత్తంలోనే పెద్ద ఎడం ఎదురవుతుంది. గట్టి పెంకు జంతువులు సముద్రాల్లో నిండిన కాలం, చేపలు పుట్టిన కాలం, మొక్కలు నేల మీదికి వచ్చిన కాలం, నాలుగు కాళ్ల జీవి ఒడ్డుకు చేరిన కాలం: వీటిలో ఒక్కదాని పొరా ఇక్కడ లేదు. ఆనాటి సముద్రాల్లోని గట్టి పెంకు జంతువు ట్రైలోబైట్‌ను చూడాలంటే హిమాచల్‌లోని స్పితికో కశ్మీర్‌కో పోవాలి. ఆ కాలంలో ఈ నేల చాలావరకు సముద్రం పైకి తేలి ఉంది. తేలిన నేల మీద పొరలు నిలవవు, అరుగుతాయి. కాబట్టి ఇక్కడ ట్రైలోబైట్ దొరకకపోవడం జీవం గురించి ఏమీ చెప్పదు, నేల ఎత్తు గురించి చెబుతుంది.

నాలుగో రోజు: హైదరాబాద్

రాత్రి ప్రయాణం తర్వాత బిర్లా సైన్స్ మ్యూజియంలో రెండు గంటలు చాలు. ఇక్కడ నిలబెట్టింది కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అనే డైనోసార్ అస్థిపంజరం. 1970ల చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర సుమారు 2,400 చదరపు మీటర్ల మేర 840 ఎముకల భాగాలు దొరికాయి. అవి కనీసం 12 జంతువులవి. 1988లో జీఎస్ఐ శాస్త్రవేత్త పి. యాదగిరి పేరు పెట్టారు. అంత పెద్ద మేటలో పుర్రె దొరకలేదు, రెండు పళ్లు తప్ప. మెడకు తల అతుకు బలహీనం, పుర్రె ఎముకలు పలచన. కళేబరం నీళ్లలో ఉండగానే తల ఊడి కొట్టుకుపోతుంది. అందుకే నిలబెట్టిన అస్థిపంజరంలో తలను ఇతర సారోపాడ్ (పొడవాటి మెడ) డైనోసార్లను బట్టి ఊహించి చేసినదిగానే చూడాలి. తొడ ఎముక, నడుము ఎముకలు దగ్గరగా చూసి, వాటి పరిమాణం గుర్తుంచుకోండి. ఎల్లుండి పనికొస్తుంది.

ఐదో రోజు: బెల్లంపల్లి, మాలేరి

సికింద్రాబాద్ నుంచి కాగజ్‌నగర్ వైపు రైలు ఎక్కి బెల్లంపల్లిలో దిగడం సులువు. ఇది సింగరేణి నేల. ప్రాణహిత–గోదావరి లోయ ఒక పొడవాటి పగులు. నేల రెండు పక్కల విరిగి మధ్యలో కుంగింది. కుంగే చోటే పొరలు నిలుస్తాయి. అందుకే ఇన్ని కోట్ల ఏళ్ల విరామం తర్వాత కథ మళ్లీ ఇక్కడ మొదలవుతుంది. అడుగున సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి, హిమానీనదాలు దొర్లించి వదిలిన బండలు. వాటిపైన బరాకర్ బొగ్గు పొరలు. అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువానికి చేరువగా, గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉంది. బొగ్గు మధ్య మెత్తటి నల్లరాతి పలకల మీద నాలుక ఆకారపు గ్లోసోప్టెరిస్ ఆకులు ఉంటాయి. నడి ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. మొన్న చెప్పిన డెండ్రైట్‌కూ అసలు ఆకుకూ తేడా ఇక్కడ నేర్చుకోవచ్చు. ఓపెన్‌కాస్ట్ గనిలోకి కంపెనీ అనుమతి లేకుండా వెళ్లకూడదు. మట్టి కుప్పల మీదికి అసలే ఎక్కకూడదు. అవి జారతాయి, లోపల బొగ్గు అంటుకుని కాలుతూ కూడా ఉంటుంది.

బొగ్గులో ఎముక ఎందుకు దొరకదని చాలామంది అడుగుతారు. కుళ్లిన ఆకుల బురద పుల్లనిది, ఎముకలోని సున్నాన్ని కరిగిస్తుంది. అదే గాలి తగిలే ఎర్రమట్టిలో ఆకు కుళ్లి మాయమవుతుంది, ఎముక నిలుస్తుంది. కాబట్టి బొగ్గు అడవిలో జంతువులు లేవనీ, ఎర్రమట్టి మైదానంలో చెట్లు లేవనీ అనుకోవడం తప్పు. ఆ రాయి ఏది దాచగలదో ముందు తెలుసుకోవాలి, ఆ తర్వాతే లేనిదాని గురించి మాట్లాడాలి.

బెల్లంపల్లి–ఆసిఫాబాద్ మధ్య మాలేరి, అచ్చలాపూర్ పరిసరాలకు వెళ్తే నేల ఎర్రబడుతుంది. ఇది ట్రయాసిక్ యుగం చివరి మాలేరి పొర, సుమారు 22–23 కోట్ల ఏళ్లది. బొగ్గుకూ దీనికీ మధ్య, 25.2 కోట్ల ఏళ్ల కిందట, భూచరిత్రలోనే అతిపెద్ద జీవనాశనం జరిగింది. గ్లోసోప్టెరిస్ అడవులు దానితో అంతరించాయి. ఎర్ర మట్టిరాతిలో కొత్త బలగం కనిపిస్తుంది: ముక్కు చిలుకలా వంగిన హైపరోడపెడాన్, మొసలిని పోలిన పారాసూకస్, చదును తల ఉభయచరం పాంథాసారస్, ఇంకా 1987లో వివరించిన చిన్న డైనోసార్ ఆల్వాకేరియా. హైపరోడపెడాన్ స్కాట్లాండ్‌లోనూ దక్షిణ అమెరికాలోనూ దొరికింది. ఈత రాని జంతువు మూడు చోట్లా ఉందంటే రెండు సంగతులు తెలుస్తాయి. అప్పటికి ఖండాలన్నీ కలిసి ఉన్నాయి. ఆ మూడు పొరలూ దాదాపు ఒకే కాలానివి. మాలేరిలో వయసు కట్టదగ్గ లావా పొర లేదు. ఈ జంతువే ఆ పని చేసింది.

వెతికే పద్ధతి ఇది. పత్తి చేలు రైతులవి, అడిగి వెళ్లండి. పత్తి తీసే రోజుల్లో చేలోకి దిగకుండా వాగుల తలల్లోనే తిరగండి. పొద్దున ఎనిమిదింటి లోపు, సాయంత్రం నాలుగు దాటాక, ఏటవాలు వెలుగులో చూడాలి. తెల్లటి ముక్క కనపడగానే ఎముక అనుకోవద్దు. ఈ మట్టిలో సున్నపు ముద్దలు లెక్కలేనన్ని. ముక్క విరిగిన వైపు భూతద్దంతో చూడండి. సన్నటి రంధ్రాలు స్పాంజిలా కనిపిస్తే ఎముక, మైదాలా ముద్దగా ఉంటే సున్నం. తడి వేలు ఆనిస్తే ఎముక కొద్దిగా అంటుకుంటుంది. హైపరోడపెడాన్ దవడ ముక్కను గుర్తించడం సులువు: వరసలు వరసలుగా చిన్న పళ్లు, మధ్యలో పొడవాటి గాడి. కింది దవడ ఆ గాడిలోకి కత్తిలా దిగేది. గట్టిపడ్డ పేడ ముద్దలు, అంటే కోప్రొలైట్లు, ఇక్కడ బాగా దొరుకుతాయి. 1979లో అలాంటి ఒక ముద్ద లోపల ఆస్ట్రాకాడ్‌లనే చిన్న మంచినీటి జీవుల గుల్లలు బయటపడ్డాయి.

ముక్క దొరికిన చోటు అది పుట్టిన చోటు కాదు. వాగు దాన్ని కిందికి తెచ్చింది. అక్కడి నుంచి వాలు వెంట పైకి నడవండి. ముక్కలు ఎక్కడ ఆగిపోతాయో ఆ పొరే దాని ఇల్లు. అక్కడ ఆగి, స్కేలు పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ గుర్తు రాసుకుని, ముక్కను అక్కడే ఉంచి రండి. పెద్ద ఎముక పొరలోంచి పొడుచుకొచ్చి కనిపిస్తే హైదరాబాద్‌లోని జీఎస్ఐ కార్యాలయానికి ఫొటోలతో తెలియజేయండి. గునపంతో పీకిన ఎముక పొడి అవుతుంది. పొడి కాకపోయినా, పొర వివరం పోయిన ఎముకకు కాలం పోయినట్టే.

ఆరో రోజు: చెన్నూరు, సిరొంచ

మంచిర్యాల నుంచి చెన్నూరు, అక్కడి నుంచి ప్రాణహిత దాటి సిరొంచ. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా అయినా ఊళ్లో తెలుగుతో పని జరిగిపోతుంది. ఇక్కడి కోటా పొరలు జురాసిక్‌వి, సుమారు 18 కోట్ల ఏళ్లవి. కోటా సున్నపురాతి పలకల్లో మెరిసే పొలుసుల చేపలు 19వ శతాబ్దంలోనే బయటపడ్డాయి. 1851లో చేప శిలాజాల నిపుణుడు ఎగర్టన్ వాటిలో ఒకదానికి దక్కన్ పేరు కలిపి లెపిడోటస్ దక్కనెన్సిస్ అన్నాడు.

ఇక్కడి పోచంపల్లి చీరల పోచంపల్లి కాదు, సిరొంచ తాలూకాలోనిది. 1960 ప్రాంతంలో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇక్కడ తవ్విన బారాపాసారస్ టాగోరై అనే డైనోసార్ ఎముకలు దాదాపు 300, కనీసం ఆరు జంతువులవి. తొడ ఎముకే సుమారు 1.7 మీటర్లు. టాగూర్ శతజయంతి సంవత్సరం గుర్తుగా ఆ పేరు. ఎముకల పక్కనే పెద్ద చెట్ల మొద్దులు పడి ఉన్నాయి. మొద్దులనూ కళేబరాలనూ ఒకేచోట మేట వేయగలిగింది వరదే. ఇక్కడా పుర్రె లేదు. కారణం హైదరాబాద్‌లో చెప్పుకున్నదే.

అంత ఎముకను ఎలా తీస్తారు? ముందు పైభాగం మాత్రమే తెరుస్తారు. పగుళ్లలోకి పలచటి జిగురు ఇంకనిస్తారు. తడి కాగితం పొర పరుస్తారు. ఇది మరిస్తే ప్లాస్టర్ నేరుగా ఎముకకు అంటుకుని తర్వాత పై చర్మంతో సహా ఊడుతుంది. దానిపై ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పట్టీలు చుడతారు, పొడవైన ఎముకకు కర్రలు కట్టి బలం ఇస్తారు. ఆరాక కింద మట్టి తవ్వుతూ పుట్టగొడుగు కాడలా సన్నగా మిగిల్చి, ఒక్క ఊపులో తిరగేస్తారు. తిరగేసే క్షణంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. కింద మట్టి ఎక్కువ వదిలితే బరువుకు కట్టు విరుగుతుంది, తక్కువ వదిలితే ఎముక జారి పడిపోతుంది.

వడధం శిలాజ పార్కులో రాయిగా మారిన చెట్ల మొద్దులు చూడొచ్చు. వాటిని కడిగి, తడి ఆరకముందే అడ్డకోత వైపు భూతద్దంతో చూడండి, వార్షిక వలయాలు తేటపడతాయి.

ఏడో రోజు

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి, భూపాలపల్లి, వరంగల్, ఖమ్మం మీదుగా రాజమండ్రికి పూర్తి రోజు ప్రయాణం. కారులో గడిపే ఈ రోజు రాతి లెక్కలో సుమారు 11 కోట్ల ఏళ్లు. దారిలో ఎక్కువ భాగం మళ్లీ గ్రానైటే.

ఎనిమిదో రోజు: కాతేరు, పంగిడి, గౌరీపట్నం

గోదావరికి ఈవల రాజమండ్రి పక్కన కాతేరు, ఆవల కొవ్వూరు దాటాక పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. రెండు ఒడ్డులా నల్లటి లావా. దక్కన్ పీఠభూమి లావాకు ఇది వందల కిలోమీటర్ల దూరాన విడిగా ఉన్న తునక. రసాయన సంఘటనం, వయసు, అయస్కాంత గుర్తులు పడమటి కనుమల లావాతో సరిపోతాయి. అప్పటి నదీ లోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు పారి సముద్రపు ఒడ్డుకు చేరిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అంత దూరం పారిన లావా భూమ్మీద అరుదు.

గౌరీపట్నం వైపు క్వారీల్లో కంకర కొడుతుంటారు. యజమాని అనుమతి, హెల్మెట్ తప్పనిసరి. పేలుళ్ల వేళలు అడిగి తెలుసుకుని, ఆ వేళకు అరకిలోమీటరు దూరం వెళ్లిపోండి. నిటారు గోడ కింద నిలబడొద్దు, ఎదుటి అంచు నుంచి బైనాక్యులర్స్‌తో చూడండి. కింది నుంచి పైకి వరస ఇలా ఉంటుంది: అడుగున టరిటెల్లా అనే పొడవాటి మెలికల గుల్లలున్న సున్నపురాయి, దానిమీద కింది లావా, మధ్యలో కొన్ని మీటర్ల తెల్లటి సున్నపు పొర, దానిపైన పై లావా. ఆ తెల్ల పొరే అంతా. రెండు లావా పొంగుల నడుమ సముద్రం, నదీముఖం ఇక్కడ ఊపిరి పీల్చుకున్న కాలం అది. కాతేరులో ఈ పొరలో ఆల్చిప్పలు, మంచినీటి నత్తలు, కారా అనే నీటిమొక్కల గింజల్లాంటి భాగాలు ఉన్నాయి. 1930లలో ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు వీటిని వివరించారు.

కింది లావా గట్టిపడినప్పుడు భూమి అయస్కాంత ధ్రువాలు తిరగబడి ఉన్నాయి, పై లావా నాటికి ఇప్పటిలాగే ఉన్నాయి. ఆ మార్పు కాలం వేరే చోట్ల తెలిసినదే కాబట్టి, మధ్య పొర డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల హద్దుకు చాలా దగ్గరదని తేలింది. హద్దుకు ఏ వైపుది? దీనికి జవాబు కంటికి కనపడని ఫోరామినిఫెరాలు ఇచ్చాయి. ఇవి సముద్రంలో తేలే ఏకకణ జీవులు, సున్నపు గుల్ల కట్టుకుంటాయి. 2008లో శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఈ తెల్ల పొరలో క్రిటేషియస్ (హద్దుకు ముందు యుగం) రకాలు పోయి, డేనియన్ (హద్దు తర్వాతి తొలి దశ) మొదటి రకాలు పుడుతున్న దశ గుర్తించింది. అంటే పొర హద్దు దాటిన వెంటనే, ప్రళయం తర్వాత తేరుకుంటున్న సముద్రంలోనిది. కింది లావా ఆ హద్దు ముందుది.

ప్రయోగశాలలో ఆ గుల్లలు తీసే పని చెప్పడానికి సులువే. మట్టిరాతిని ఎండబెట్టి, పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద సన్నని కుంచెతో ఏరడం. చెడిపోయేది జల్లెడ దగ్గరే. మామూలుగా వాడే 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలో కడిగితే ఏమీ మిగలదు. ఆ కాలపు జీవులు 100 మైక్రాన్ల కంటే చిన్నవి. 63, ఆపైన 38 మైక్రాన్ల జల్లెడలు వాడితేనే దొరుకుతాయి. జల్లెడ కన్ను పెద్దదైతే బతికి తేరుకుంటున్న సముద్రం కూడా నిర్జీవంగా కనిపిస్తుంది. రెండో ప్రమాదం, పాత గుల్లలు. అలలు కింది పొరను కోసి, చచ్చిన క్రిటేషియస్ గుల్లలను కొత్త బురదలో కలుపుతాయి. వాటి అంచులు అరిగి, రంగు మారి ఉంటాయి. వాటిని అప్పుడు బతికున్నవాటితో కలిపి లెక్కిస్తే ప్రళయమే జరగనట్టు కనిపిస్తుంది.

పై లావా మీద, ఊరి చుట్టూ ఎర్రటి రాజమండ్రి ఇసుకరాయి ఉంది. వీటి నడుమ మళ్లీ కోట్ల ఏళ్ల ఎడం. తిరుమలలో చూసిన చూపుతోనే ఈ గీతనూ చూడాలి: ఇసుకరాయి కిందనున్న లావా పైభాగం శిథిలమై ఎర్రబడిందా, పై ఇసుకలో లావా గులకలు ఉన్నాయా అని.

క్వారీలు రోజురోజుకూ ముందుకు జరుగుతాయి. ఈ ఏడు కనిపించిన తెల్ల పొర వచ్చే ఏడు రోడ్డు కంకర కింద ఉండొచ్చు, లేదా గుంతలో నీళ్లు నిండి మునిగిపోవచ్చు. అందుకని గోడను ఎడమ నుంచి కుడికి ఒకదానిపై ఒకటి మూడో వంతు కలిసేలా వరస ఫొటోలు తీయండి, ప్రతి ఫొటోలో స్కేలుగా ఒక మనిషి గానీ కొలకర్ర గానీ ఉండాలి, తేదీ, జీపీఎస్, ఏ దిక్కుకు చూస్తున్న గోడో రాయండి. పక్కనున్న భూవిజ్ఞాన విభాగమున్న కాలేజీకో, జీఎస్ఐకో ఒక ప్రతి పంపండి. గోడ పోయాక ఆ పొర మందం కొలవడానికి ఆ ఫొటోలే ఉంటాయి.